వగరు

జిరోండ్ నదిలోకి సముద్రం ఎగదన్నే వేళ.
నీళ్లు పాలెక్కువైన కాఫీ రంగు.
గట్టున రాతి కొట్టం, లోపల బల్ల మీద తెల్లగుడ్డ,
ఎనభై అయిదు నాటి సీసాలు ఆరు.

బిరడా లాగుతూ అన్సెల్మ్ ఊపిరి బిగబట్టాడు.
వాడి తాత బిగించిన బిరడా
సగానికి విరిగి, మిగతా సగం
ముసలివాడి పన్నులా
కదిలి కదిలి వచ్చింది.

మార్సెలీన్ ద్యుఫో గ్లాసు వంచి చూసింది.
అంచున ఇటుక రంగు, నడుమ ఇంకా దానిమ్మ గింజ.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ తోటకు మిశ్రమాలు కూర్చిన మనిషి,
ఏ పీపాలోది ఎన్ని పాళ్లో
కూరలో ఉప్పు తెలిసినట్టు తెలిసిన చెయ్యి.
ముక్కు గ్లాసులో పెట్టింది.
ఎద పైకి లేచింది, దిగింది.
ఏమీ రాలేదు.

రెండు శీతాకాలాలుగా ఏమీ రావడం లేదు.
ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ
బయటి నుంచి గడియ పెట్టి పోయింది.
సంగతి ఆమెకు తెలుసు,
ఆమె మాడ్చిన రొట్టెలకు తెలుసు.

మిగతావాళ్లు మొదలుపెట్టారు.
దేవదారు పెట్టె, అన్నాడు దళారి ఎవరిస్త్.
ఎండిన ఆల్‌బుఖారా. వెనకాల చుట్ట పొగాకు.
వాన వెలిసిన అడవి,
కుళ్లిన ఆకుల కింద పుట్టగొడుగు.
జీను తోలు, అంది లియోన్ నుంచి వచ్చిన సొలాంజ్,
ఇప్పుడే గుర్రం దిగినట్టు.
మార్సెలీన్ తలూపుతూ రాసుకుంది,
చెవులతో తాగుతూ.

ఆమెకు నిజంగా మిగిలింది నాలుక.
పక్కల సన్నగా పులుపు,
చివర్న చుక్కంత చేదు,
అన్నిటి మీదా వగరు.
పడుచుతనంలో చిగుళ్లను గరుకు కాగితంలా గీకిన వగరే,
ఇప్పుడు ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతబట్ట,
పళ్ల వెనక నిలబడి
వెళ్లొస్తానని చెప్పీ వెళ్లని చుట్టం.

మూడో సీసా.
నోట్లో తిప్పింది, ఉమ్మింది, పెన్సిలు ఎత్తింది.
"బాగుంది. కాస్త ముడుచుకుని ఉంది.
గంట ఆగితే అదే మాట్లాడుతుంది."

ఎవరూ మాట్లాడలేదు.
ఎవరిస్త్ గ్లాసు దూరంగా జరిపాడు.
సొలాంజ్ కిటికీ వైపు చూసింది.
బిరడా చెడగొట్టిన సీసా అది.
తడిసిన అట్టపెట్టె కంపు, బూజు కంపు,
సీసాలు కడిగే కుర్రాడైనా గుమ్మంలోంచే పసిగట్టే కంపు.

అన్సెల్మ్ మెల్లగా అన్నాడు:
"ఆవిడ చెబుతున్నది నాలుగోదాని గురించి."

నాలుగోది ఇంకా తెరవలేదు.

మార్సెలీన్ నవ్వింది, ఊదారంగు పళ్లతో.
"వాసన పోయింది నాయనా, రెండేళ్లయింది,"
గొడుగు ఎక్కడో మరిచిపోయిన మనిషిలా అంది.
పెన్సిలు వాడి వైపు దొర్లించింది.

అప్పుడు తెరిచారు నాలుగోది.
ఆమె తాగింది. ఈసారి ఉమ్మలేదు.

"కాబెర్నే అరవై పాళ్లు, మెర్లో ముప్పై.
అవి మీ తాత పుస్తకంలోనే ఉంటాయి.
లేనిది ఒకటి చెబుతాను.
ఆ ఏడు మిశ్రమం నడుం లేని మనిషిలా వాలిపోయింది.
వరద మునిగిన గట్టుచెక్కలో పెతీ వెర్దో కాసింది,
దాన్ని ముట్టుకోవద్దన్నాడు మీ తాత.
రాత్రి లాంతరు పెట్టుకుని ఒక పీపా కలిపేశాను.
తెల్లారి రుచి చూసి, ఏం చేశావన్నాడు.
ఏమీ లేదన్నాను.
అదిగో, నాలుక మధ్యన మేకులా నిలబడిందే,
అది."

ముగ్గురూ నోట్లో పట్టుకుని వెతికారు.
సొలాంజ్ కళ్లు మూసుకుంది.
"ఉంది," అన్నాడు ఎవరిస్త్ ఆలస్యంగా,
నిజంగానో, మర్యాదకో.
అన్సెల్మ్ మార్కుల గడిలో ఏదో రాశాడు, కొట్టేశాడు,
మళ్లీ రాశాడు.

మధ్యాహ్నం నది దిగిపోయింది, గట్టున బురద మెరిసింది.
గ్లాసులు కడిగి బోర్లించారు.
మూడో సీసా పారబోయబోతుంటే
మార్సెలీన్ చెయ్యి అడ్డుపెట్టి
కోటు జేబులో దోపుకుంది.
"నాకు బాగానే ఉంది కదా," అంది.